కణాల పట్టు విడిపించే మూడు ముక్కలు



ఉత్తరేణి మొక్కల్లోంచి నడిచొస్తే ప్యాంటు నిండా గింజలు అంటుకుంటాయి కదా. మన శరీరంలో కణాలు కూడా తమ చుట్టూ ఉన్న ప్రోటీన్ల అల్లికను అలాగే పట్టుకొని ఉంటాయి. ఆ పని చేసే కొక్కేలలో ముఖ్యమైనవి ఇంటెగ్రిన్లు. తేడా ఏమిటంటే ఉత్తరేణి గింజ తనంతట తాను వదలదు, ఇంటెగ్రిన్ మాత్రం అవసరాన్నిబట్టి పట్టుకుంటుంది, వదులుతుంది.

ఇంటెగ్రిన్ దేన్ని పట్టుకుంటుంది? ఫైబ్రోనెక్టిన్ అనే ప్రోటీనులో రెండు వేలకు పైగా ఎమైనో ఆమ్లాలున్నాయి. కణం పట్టుకోవడానికి వాటిలో ఆర్జినిన్, గ్లైసిన్, ఆస్పార్టిక్ ఆమ్లం అనే మూడే కీలకమని 1984లో పియర్ష్‌బాకర్, రూస్లాటి చూపించారు. దీన్నే ఆర్.జి.డి. అంటారు. ఈ మూడూ ఉన్న చిన్న పెప్టైడును గాజు పలకకు అంటిస్తే కణాలు వచ్చి అతుక్కుంటాయి. అదే పెప్టైడును ద్రవంలో కలిపితే కణాలు పలకకు అతుక్కోవు!

ఇది నా బుర్రకెక్కడానికి రెండు రోజులు పట్టింది. బావిలో పడ్డవాడికి గట్టుకు కట్టిన తాడు అందితే నిలబడతాడు. చేతిలో తెగిన తాడు ముక్క పెడితే చెయ్యి నిండుతుంది గాని పట్టు దొరకదు. అంతే సంగతి. ఇంకో వింత, ఆస్పార్టిక్ ఆమ్లం బదులు గ్లూటామిక్ ఆమ్లం పెడితే ఒక్క కార్బన్ ఎక్కువవుతుంది, పెప్టైడు పనిచేయదు. కణాలు విషం తగిలి ఊడిపోలేదని పరిశోధకులు ఇలాగే సరిచూసుకుంటారు.

విషం అంటే గుర్తొచ్చింది. నేను ఏడో తరగతిలో ఉండగా చండ్రుగొండ దగ్గర తునికాకు కోతలో మా నాన్నను చిన్న పింజర కరిచింది. చిగుళ్ళలోంచి రక్తం ఆగలేదు. డాక్టరుగారు గాజు గొట్టంలో రక్తం తీసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచారు. గడ్డ కట్టలేదు. విషానికి విరుగుడు ఇంజక్షన్లు పడ్డాకే నాన్న తేరుకున్నారు. ఎందుకు గడ్డ కట్టలేదో ఇంట్లో చెప్పగలిగిన చదువు ఎవరికీ లేదు.

జవాబు నాకు ఎమ్మెస్సీలో దొరికింది. ఆ విషంలోని కొన్ని ప్రోటీన్లు రక్తం గడ్డకట్టే పదార్థాలను ఖర్చు చేసేస్తాయి. గొట్టంలో కనబడింది అదే. ఎకిస్టాటిన్ అనే మరో చిన్న ప్రోటీను దారి వేరు. 49 ఎమైనో ఆమ్లాల ఆ గొలుసులో ఒక వంపు కొసన ఆర్.జి.డి. ఉంటుంది. అది ప్లేట్‌లెట్ల మీది ఇంటెగ్రిన్‌ను, మామూలు పెప్టైడు కన్నా ఎన్నో రెట్లు గట్టిగా, ఆక్రమిస్తుంది. ఫైబ్రినోజెన్‌కు చోటుండదు, ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కోవు.

ఈ నమూనా చూసే టిరోఫిబాన్ అనే మందు చేశారు. 1998లో అమెరికాలో అనుమతి వచ్చింది. గుండె రక్తనాళంలో గడ్డ పెరగకుండా ఇస్తారు. అన్నీ ఇలా ఫలించలేదు. మెదడు క్యాన్సరుకు ప్రయత్నించిన సిలెంగిటైడ్ అనే ఆర్.జి.డి. పెప్టైడు పెద్ద పరీక్షలో రోగుల ఆయుష్షు పెంచలేకపోయింది.

ఇదంతా నాన్నకు చెబితే, "నన్ను కరిచిన దాంట్లోంచి గుండెకు మందా?" అని చాలాసేపు నవ్వారు. పదో తరగతి వాళ్ళు రక్తం గడ్డకట్టే పాఠంలో ఫైబ్రినోజెన్ అన్న మాట పక్కన ఇంటెగ్రిన్ అని పెన్సిల్‌తో రాసుకోండి.