కుక్క కరిచిన నాడే వైద్యం



"చిన్న గీరే కదా, రెండు రోజులు చూద్దాం" అనే మాట కుక్క కరిచినప్పుడు మన ఇళ్ళలో తరచు వింటాము. రేబిస్ విషయంలో ఆ మాటే ప్రాణానికి ముప్పు. ఎందుకో తెలుసుకుందాము.

వ్యాధి ఎలా వస్తుంది?

రేబిస్‌కు కారణం ఒక వైరస్. వ్యాధి ఉన్న జంతువు చొంగలో అది ఉంటుంది. మనుషులకు ఎక్కువగా కుక్కల వలననే వస్తుంది. పిల్లి, కోతి, నక్క వలన కూడా రావచ్చు. కాటు, గోటి గీరు, పుండును నాకడం, ఇవే దానికి దారులు. అక్కడినుండి అది నరముల వెంట మెల్లగా మెదడుకు చేరుతుంది. సాధారణంగా ఇందుకు రెండు మూడు నెలలు పడుతుంది. ఒక్కొక్కసారి వారం, ఒక్కొక్కసారి ఏడాది. మెదడుకు చేరిన తరువాత రోగి నీళ్ళు మింగలేడు, గాలి తగిలినా ఉలికిపడతాడు. అప్పుడు బ్రతకడం దాదాపు అసాధ్యం. గనుక వైరస్ దారిలో ఉన్నప్పుడే టీకా పని చేయాలి.

1885లో లూయీ పాశ్చర్, కాటు పడిన రెండు రోజులకు తొమ్మిదేళ్ళ బాలునికి టీకా వేయించి కాపాడింది ఇందువలననే.

ఏమి చేయాలి?

1. వెంటనే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడగండి.

2. పసుపు, కారం, సున్నం, ఆకు పసరు పెట్టవద్దు.

3. ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి. రక్తం వచ్చిన గాయమైతే టీకాతోపాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ కూడా వేయాలి.

4. కుక్కను 10 రోజులు గమనించడం మంచిదే. అయితే అది చచ్చేదాకా టీకాకు ఆగవద్దు.

5. డాక్టరు చెప్పిన తేదీలన్నీ పూర్తి చేయండి. చర్మంలో వేసే పద్ధతిలో మొదటి రోజును 0గా లెక్కించి 0, 3, 7, 28 రోజులలో వేస్తారు. మధ్యలో సొంత ఊరు వెళ్ళవలసి వస్తే, చీటీ వెంట ఉంచుకొని అక్కడ వేయించుకోండి.

బొడ్డు చుట్టూ 14 సూదులు అనే భయం పెద్దలలో ఇంకా ఉన్నది. ఆ పాత మందు తయారీ మన దేశంలో 2004 చివరలో ఆగిపోయింది. ఇప్పుడు సూది వేసేది జబ్బకే. తమిళనాడులోని కూనూరులో 1907లో మొదలైన పాశ్చర్ సంస్థకు ఒకప్పుడు దూరప్రాంతాలనుండి రోగులు వెళ్ళవలసి వచ్చేది. నేడు ప్రభుత్వ ఆసుపత్రులలోనే టీకా ఉచితంగా వేస్తున్నారు.

పెంపుడు కుక్కకు ఏటా టీకా వేయించండి. అన్నిటికంటె ముఖ్యము: తిడతారని పిల్లలు కాటును దాచిపెడతారు. "కుక్క కరిచినా, గీరినా వెంటనే చెప్పండి, తిట్టము" అని ఈ రోజే వారికి మాట ఇవ్వండి.

ఆలోచించవలసిన ప్రశ్నలు

1. గాయాన్ని ఎంతసేపు కడగాలి?

2. కరిచిన కుక్క బాగానే ఉన్నదని టీకా మానవచ్చునా? ఎందుకు?

3. మీకు దగ్గరలో ఈ టీకా వేసే ఆసుపత్రి ఏది?