పోటీ పరీక్షల ప్రత్యేకం: హౌగాంగ్ ఓటరు వేసిన దావా

సింగపూర్‌లోని హౌగాంగ్ ఏకసభ్య నియోజకవర్గం. 2012 ఫిబ్రవరిలో ఎంపీ యా షిన్ లియోంగ్‌ను వర్కర్స్ పార్టీ బహిష్కరించడంతో సీటు ఖాళీ అయింది. ఉప ఎన్నిక ఎప్పుడో ప్రధాని లీ సియన్ లూంగ్ తేల్చలేదు. అక్కడి ఓటరు, పారిశుద్ధ్య పనిచేసే వెల్లమ్మ మారిముత్తు మార్చిలో కోర్టుకెక్కారు. ఆమె న్యాయవాది ఎం. రవి.

మే 26న ఉప ఎన్నిక జరిగింది. వర్కర్స్ పార్టీయే గెలిచింది. ఆగస్టులో హైకోర్టు దావా కొట్టేసింది. ఆమె వెనక్కి తగ్గలేదు, అప్పీలుకు వెళ్లారు. 2013 జూలై 5న అప్పీలూ వీగిపోయింది. కానీ తీర్పులో అసలు విలువైన మాట ఉంది: రాజ్యాంగం 49వ అధికరణ ప్రకారం ఖాళీని భర్తీ చేయడం ప్రధాని ఇష్టానికి వదిలేసింది కాదు, సహేతుక కాలంలో ఉప ఎన్నిక జరపాల్సిందే. ఓ సామాన్యురాలు దేశానికి సాధించిపెట్టిన స్పష్టత ఇది.

పోల్చి చదవండి: మన ప్రజాప్రాతినిధ్య చట్టం, 1951లోని 151ఎ సెక్షన్ సాధారణంగా 6 నెలల గడువు పెట్టింది. సింగపూర్‌లో నిర్ణీత గడువు లేదు.

సింగపూర్‌లో సామాన్యులు న్యాయం కోరే మరో దారీ తెలుసుకోండి: కొన్ని రకాల చిన్న డబ్బు తగాదాలకు అక్కడ స్మాల్ క్లెయిమ్స్ ట్రిబ్యునళ్లు ఉన్నాయి. పరిమితి 20,000 సింగపూర్ డాలర్లు, ఇరుపక్షాలూ ఒప్పుకుంటే 30,000. దావా వేయడానికి గడువు 2 ఏళ్లు. న్యాయవాదులకు ప్రవేశం లేదు. ఎవరి వాదన వారే వినిపించుకోవాలి.