ఒకే ఎక్స్‌రే, రెండు మాటలు

“ఒక డాక్టరు ఊపిరితిత్తులకు దుమ్ము పట్టిందంటడు, ఇంకో డాక్టరు ఏం లేదంటడు. ఎవరి మాట నమ్మాలె సిస్టరమ్మా?” శ్రీరాంపూర్ బొగ్గుబాయి కార్మికుల ఇళ్లవాళ్లు మమ్మల్ని ఇలా అడుగుతుంటారు.

బొగ్గుదుమ్మును ఏళ్లతరబడి పీల్చడం వల్ల వచ్చే జబ్బు న్యుమోకోనియోసిస్. ఎక్స్‌రేలో ఇది మొదట సన్నటి చుక్కల్లా కనబడుతుంది. జబ్బు ముదిరితే గుర్తించడం కష్టం కాదు. పేచీ అంతా ఆరంభంలోనే. బ్రిటన్‌లో ఫ్లెచర్, ఓల్డ్‌హామ్ అనేవారు గని కార్మికుల ఎక్స్‌రేలపై దీన్ని పరిశీలించి 1949లో ప్రచురించారు. డాక్టర్లు ఒకరితో ఒకరు విభేదించడమే కాదు, ఒకే డాక్టరు అదే ఫిల్మును మళ్లీ చూసి వేరే మాట చెప్పడమూ ఉంది!

అందుకే అంతర్జాతీయ కార్మిక సంస్థ నమూనా ఫిల్ములు ఇచ్చింది. మన ఎక్స్‌రేను వాటితో పోల్చి 12 మెట్లలో ఒకటి రాస్తారు. 1/0 అంటే ‘ఒకటో మెట్టే, అయితే సున్నా కావచ్చునని కూడా ఆలోచించాం’ అని అర్థం. 0/1 అంటే ‘సున్నాయే, ఒకటి కావచ్చునని కూడా ఆలోచించాం’ అని. డాక్టర్లకు ఇది వెంట్రుకవాసి తేడా. ఇంట్లోవాళ్లకు మాత్రం జబ్బు ఉన్నట్టూ, లేనట్టూ వినబడుతుంది.

కాబట్టి ఎవరో అబద్ధం చెప్పారని కోపంతో ఫిల్ము పారేయకండి. పాతవన్నీ తారీఖులు రాసి దాచి, కొత్తదానితోపాటు తీసుకురండి. ఒకే డాక్టరు అన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే పెరిగిందో లేదో తేలిగ్గా తెలుస్తుంది. రెండు వారాలు దాటి దగ్గు ఉంటే మాత్రం, ఎక్స్‌రేపై ఎవరేమన్నా సరే, తెమడ పరీక్ష చేయించుకోండి.