సాఫ్ట్‌వేర్‌తో రేడియో: ఇంట్లోనే ఒక భౌతికశాస్త్ర పాఠం



మీ అబ్బాయో అమ్మాయో ల్యాప్‌టాప్‌లో నల్లటి తెర తెరిచి, తెల్లటి అక్షరాలు వరుసలు వరుసలుగా పైకి పోతుంటే గంటసేపు చూస్తూ కూర్చుంటే కంగారు పడటం సహజమే. అది ఆటలా ఉండదు, చదువులానూ ఉండదు. సైన్స్ క్లబ్‌లో పిల్లలు రేడియో సాఫ్ట్‌వేర్ పని మొదలుపెట్టాక, పేరెంట్స్ మీటింగ్‌లో చాలామంది అడిగిన ప్రశ్న ఒకటే: "సార్, ఇది సిలబస్‌లో ఉందా?" లేదు. దీనికి దగ్గరగా ఉండే ‘కమ్యూనికేషన్ సిస్టమ్స్’ అధ్యాయాన్ని ఎన్‌సీఈఆర్‌టీ 12వ తరగతి భౌతికశాస్త్రం నుంచి తీసేశారు. 2024 నుంచి జేఈఈ మెయిన్ సిలబస్‌లోనూ అది లేదు. మరి పిల్లలు ఇందులో ఏం నేర్చుకుంటున్నట్టు? ఈ నెల పాఠం అదే.

మామూలు రేడియోలో స్టేషన్‌ను ఎంచుకోవడం, తరంగంలోంచి మాటను విడదీయడం అన్నీ కాయిల్స్, కెపాసిటర్లు, చిప్‌లు చేస్తాయి. సాఫ్ట్‌వేర్ డిఫైన్డ్ రేడియోలో యాంటెన్నా పట్టిన తరంగాన్ని అంకెలుగా మార్చి, మిగతా పని ప్రోగ్రామ్‌కు అప్పగిస్తారు. కంప్యూటర్‌లో టీవీ చూడటానికి అమ్మే ఒక చిన్న యూఎస్‌బీ డాంగిల్‌లోని రియల్‌టెక్ చిప్ ఈ ముడి అంకెలను నేరుగా ఇవ్వగలదని 2012లో బయటపడింది. అప్పటినుంచి ఇది విద్యార్థులకు అందుబాటులోకి వచ్చింది. ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ అనే ఈ డాంగిల్ కొన్ని వేల రూపాయల్లో దొరుకుతుంది. ఇది సెకనుకు 24 లక్షల నమూనాలు పంపగలదు, ఒక్కో నమూనాకు 2 బైట్లు. అంటే గంటకు దాదాపు 17 జీబీ. రికార్డింగ్ బటన్ నొక్కి భోజనానికి వెళ్లొద్దని ముందే చెప్పండి! హైదరాబాద్‌లో ఉన్నవారికి ఆకాశవాణి రెయిన్‌బో 101.9, వివిధ భారతి 102.8 రెండూ ఒకే తెరమీద రెండు శిఖరాల్లా పక్కపక్కనే కనిపిస్తాయి.

ఈ అంకెలను వినిపించే సాఫ్ట్‌వేర్‌లో జీఎన్‌యూ రేడియో 2001లో మొదలైంది. దాని మీద ఆధారపడి తయారైన రిసీవర్ జీక్యూఆర్‌ఎక్స్. రెండూ ఓపెన్ సోర్స్. ప్రోగ్రామ్ లోపలి రాత మొత్తం ఎవరైనా చదవొచ్చు, మార్చొచ్చు, మార్చినది పంచుకోవచ్చు. లినక్స్‌లో వీటిని ఒక్క ఆదేశంతో ఇన్‌స్టాల్ చేసుకునే వీలుంది. మేం మాత్రం పిల్లలను సోర్స్ నుంచి బిల్డ్ చేయమంటాం. సోర్స్‌ను గిట్‌తో దించుకోవాలి, సీమేక్‌తో సిద్ధం చేయాలి, మేక్‌తో తయారు చేయాలి. మొదటిసారి దాదాపు ఎవరికీ సాఫీగా సాగదు. ఫలానా లైబ్రరీ కనబడలేదని ఆగిపోతుంది. లైబ్రరీ ఉంటుంది, కానీ ఉబుంటులో దాని హెడర్ ఫైళ్లు పేరు చివర ‘డెవ్’ అని ఉండే వేరే ప్యాకేజీలో ఉంటాయి. అది పెట్టాక బిల్డ్ పూర్తవుతుంది, కానీ డాంగిల్ తెరుచుకోదు. లినక్స్ కెర్నల్ దాన్ని టీవీ పరికరం అనుకుని ముందే తన చేతిలోకి తీసుకుంటుంది. ఆ టీవీ డ్రైవర్‌ను పక్కన పెట్టమని ఒక ఫైల్‌లో ఒక వరుస రాయాలి. మీరు చూసిన ఆ నల్లటి తెర గంటలు చాలావరకు ఇవే. ఎర్రర్ మెసేజ్‌ను చివరిదాకా చదవడం మా పిల్లల్లో చాలామందికి ఇక్కడే అలవాటైంది. దాటేసి పోయే అలవాటు పరీక్షల్లోనూ ఉందని టీచర్లకు తెలుసు.

అసలు భౌతికశాస్త్రం ఆ తర్వాతే వస్తుంది. మా క్లబ్‌లో పిల్లలు జీఎన్‌యూ రేడియో భాగాలు కలిపి సొంతంగా ఎఫ్‌ఎం రిసీవర్ తయారు చేశారు. పాట వచ్చింది. కానీ గాయని దిండు అడ్డం పెట్టుకుని పాడుతున్నట్టు ఉంది. యాంటెన్నా మార్చారు, హెడ్‌ఫోన్లు మార్చారు. చివరికి కారణం ఒక అంకెలో దొరికింది. ఎఫ్‌ఎంలో సన్నని స్వరాల దగ్గర రొద ఎక్కువ. అందుకని స్టేషన్ ఆ స్వరాలను పెంచి పంపుతుంది, రిసీవర్ అంతే తగ్గించి రొదను కూడా తగ్గిస్తుంది. ఎంత తగ్గించాలో చెప్పేది ఒక రెసిస్టర్, ఒక కెపాసిటర్ కలిసిన సర్క్యూట్ కాలస్థిరాంకం, ఆర్ ఇంటూ సీ. భారత్‌లో, యూరప్‌లో అది 50 మైక్రోసెకన్లు. అమెరికాలో 75. మనం విలువ ఇవ్వకపోతే జీఎన్‌యూ రేడియోలోని ఈ భాగం 75 తీసుకుంటుంది. మావాళ్లు ఇవ్వలేదు. దాంతో సన్నని స్వరాలు దాదాపు 3.5 డెసిబెల్స్ అదనంగా తగ్గిపోయాయి.

ఆ భాగం సోర్స్ ఫైల్ తెరిస్తే, వ్యాఖ్యల్లో గీతలతో, చుక్కలతో గీసిన ఆ సర్క్యూట్ బొమ్మే ఉంటుంది. దాని కిందే సమీకరణాలు. పాఠ్యపుస్తకంలోని బొమ్మ పనిచేసే ప్రోగ్రామ్‌లో కనబడితే పిల్లల ముఖాలు ఎలా మారతాయో చూడాల్సిందే.

మెరుగుపరచడం అంటే పెద్ద కోడ్ రాయడమే కానక్కర్లేదు. సహాయ పత్రంలో ఒక వాక్యం సరిచేయడం కూడా పనికొస్తుంది. ఏ వెర్షన్, ఏం చేశాం, ఏం జరగాలి, ఏం జరిగింది అని పద్ధతిగా ఫిర్యాదు రాసినా అంతే. పంపిన మార్పును నిర్వాహకులు పరిశీలించి, ఇంకోలా రాయమనొచ్చు, వద్దనీ అనొచ్చు. ఎప్పుడూ ఫస్ట్ వచ్చే పిల్లలకు ఇది కొంచెం కష్టంగా ఉంటుంది. వారం రోజులు అలిగినవాళ్లూ ఉన్నారు. దయచేసి వాళ్ల తరఫున మీరు జవాబు రాయకండి.

మీరు గమనించాల్సినవి కొన్ని ఉన్నాయి. గిట్‌లో నమోదైన ప్రతి మార్పుతో పాటు పేరు, ఈమెయిల్ కూడా నమోదై, బయట పెట్టాక అందరికీ కనబడతాయి. గిట్‌హబ్ ఇచ్చే దాపరికపు ఈమెయిల్ వాడించండి. అక్కడ ఖాతాకు 13 ఏళ్లు నిండాలి. ఈ డాంగిల్ వినడానికే, ప్రసారం చేయలేదు. పిల్లలు అందరికోసం వచ్చే ప్రసారాలకే పరిమితం కావాలి, పోలీసుల, ఇతరుల సంభాషణల జోలికి పోకూడదు. ప్రసారం చేయాలనే కోరిక పుడితే అమెచ్యూర్ రేడియో లైసెన్స్ పరీక్ష రాయాలి. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఈ రంగంలోనే పనిచేస్తోంది. ఇంట్లో అందరూ వాడే ల్యాప్‌టాప్‌లో లినక్స్ పెట్టేముందు ఫొటోలు, ఆఫీసు ఫైళ్లు వేరేచోట కాపీ చేసుకోండి. పాత ల్యాప్‌టాప్ ఉంటే ఇంకా మంచిది.

ఈ ఆదివారం మీ పిల్లలతో చిన్న లెక్క చేయించండి. సెకనుకు 48,000 శబ్ద నమూనాలంటే ఒక్కోదానికి 20.8 మైక్రోసెకన్లు. ఆ కాలాన్ని, అదే కాలానికి కాలస్థిరాంకం కలిపిన మొత్తంతో భాగించాలి. కొత్త నమూనాకూ పాత ఫలితానికీ ఉన్న తేడాలో అంత భాగం పాత ఫలితానికి కలిపితే ఫిల్టర్ తయారు. ఇది సులభమైన ఉజ్జాయింపు. బాగా సన్నని స్వరాల దగ్గర కొంచెం తప్పుతుంది, ఎందుకో పై తరగతి పిల్లలు కనుక్కోవచ్చు. జవాబు సుమారు 0.29 రావాలి. 0.22 వచ్చిందంటే మీవాళ్లు ఇంకా అమెరికా లెక్కలో ఆకాశవాణి వింటున్నారన్న మాట.