ఆంగ్లభాషలోని ‘మే’ – లిఙర్థ విచారము

ఆంగ్లమునందలి ‘మే’ అను సహాయక్రియకు ‘వచ్చును’ అని అర్థము చెప్పి విడుచుట మన పాఠశాలలలో పరిపాటి. ఆ అర్థము తప్పు గాదు గాని చాలదు.

ప్రాచీనాంగ్లములో ‘మే’ శక్తివాచకము. సామర్థ్యార్థము క్రమముగా ‘కెన్’ అను క్రియకు సంక్రమింపగా, దీనియందు అనుజ్ఞ, సంభావన, ఆశీస్సు అనునవి ప్రధానముగా నిలిచినవి. పాణినీయము చదివినవారికి ఇది వింతగా తోచదు. సంభావనార్థమును (3-3-154), శక్యార్థమును (3-3-172), ఆశీరర్థమును (3-3-173) ఆచార్యుడు లిఙ్ లకారమునకు వేర్వేరు సూత్రములలో విధించినాడు. అనుజ్ఞను మాత్రము అతిసర్గమను పేర లోట్టునకును, కృత్యప్రత్యయములకును చెప్పినాడు (3-3-163). అతిసర్గమనగా కామచారమున కనుమతి యని కాశికావృత్తి.

ఆశీస్సు విషయమున చిక్కు లేదు. అందు ‘మే’ కర్తకు ముందు నిలుచును. తెలుగున ‘వర్ధిల్లుదువు గాక’ అనవలెను. ‘వర్ధిల్లవచ్చును’ అన్నచో దీవెన కాస్తా శంకయగును!

చిక్కెల్ల అనుజ్ఞా సంభావనల నడుమనే. ‘శిష్యుడు వెళ్లవచ్చును’ అన్నప్పుడు గురువు సెలవిచ్చినాడో, వక్త ఊహించుచున్నాడో వాక్యమాత్రమున తెలియదు. ‘వాన కురియవచ్చును’ అన్నచో సందేహమే లేదు. వానకు అనుజ్ఞ యిచ్చువాడెవడు? కావున కర్త అనుజ్ఞకు పాత్రమగునా యని మొదట చూడవలెను. అంతకంటె గట్టి పరీక్ష నిషేధము. ఆంగ్లమున ‘మే నాట్’ రెండర్థములకును ఒక్కటే. తెలుగు అట్లు గాదు. అనుజ్ఞ లేనిచో ‘వెళ్లరాదు’. వెళ్లడేమో యను ఊహయైనచో ‘వెళ్లకపోవచ్చును’. ఈ భేదమును విస్మరించి అన్నిచోట్ల రెండవ రూపమునే వ్రాసిన అనువాదమున నిషేధము వట్టి ఊహగా దిగజారును.

శాసనములలో ఈ పొరపాటు ప్రమాదకరము. భారత రాజ్యాంగము 143వ అధికరణమున, రాష్ట్రపతి నివేదించిన ప్రశ్నపై సుప్రీంకోర్టు అభిప్రాయము తెలుపుట గూర్చి మొదటి ఖండములో ‘మే’, రెండవ ఖండములో ‘షల్’ కలవు. 1993లో మొదటి ఖండము ననుసరించి వచ్చిన యొక నివేదనకు ఆ న్యాయస్థానము 1994లో సమాధానమియ్య నిరాకరించినది. అచ్చటి ‘తెలుపవచ్చును’ సంభావన గాదు, కామచారము. రెండవ ఖండమున ‘తెలుపవలెను’ అను విధియే తగును.

అయితే ఒకరి కిచ్చిన అధికారము ఇతరుల హక్కును కాపాడుట కొఱకే యైనప్పుడు, న్యాయమూర్తులు ‘మే’ను సైతము విధిగా గ్రహించుట కలదు. అట్టిచోట అర్థనిర్ణయము పదమువలన గాక ప్రకరణమువలన జరుగును.