గురి ఎందుకు తప్పుతుంది?

పది మీటర్ల దూరంలో ఒక కాగితం. దాని నడుమ అర మిల్లీమీటరు చుక్క. నిలబడి, ఎయిర్ రైఫిల్‌తో ఆ చుక్కను కొట్టాలి. ఒలింపిక్ క్రీడల్లో 10 మీటర్ల రైఫిల్ పోటీ ఇదే. గుండు వ్యాసం 4.5 మి.మీ. అది చుక్క అంచును తాకినా 10 పాయింట్లు వస్తాయి. అంటే గుండు కేంద్రం, చుక్క కేంద్రం నుండి 2.5 మి.మీ. కంటె ఎక్కువ పక్కకు పోరాదు.

ఇది ఎంత కష్టమో లెక్క వేసి చూద్దాం. 10 మీటర్లలో 2.5 మి.మీ. అంటే 4,000వ వంతు. రైఫిల్ మీద వెనుక సైటుకు, ముందు సైటుకు మధ్య దూరం 80 సెం.మీ. అనుకోండి. సరూప త్రిభుజాల సూత్రం ప్రకారం, ముందు సైటు 0.2 మి.మీ. పక్కకు జరిగితే చాలు, హద్దు దాటే స్థితి వస్తుంది! 0.2 మి.మీ. అంటే మీ నోటుపుస్తకంలో రెండు మూడు కాగితాల మందం.

రెండు రకాల దోషాలు

ఇద్దరు చెరి ఐదు గుండ్లు కాల్చారు. మొదటివాని గుండ్లన్నీ కేంద్రానికి ఎడమగా, ఒకే చోట గుంపుగా పడ్డాయి. రెండవవాని గుండ్లు కేంద్రం చుట్టూ చెల్లాచెదరుగా పడ్డాయి. ఎవరి గురి మెరుగు? మొదటివానిదే! అతని దోషం ప్రతిసారీ ఒకే దిక్కున, ఒకే కొలతలో ఉంది. సైటు మర కొంచెం తిప్పితే గుంపు మొత్తం మధ్యకు వస్తుంది. ఇటువంటిది క్రమ దోషం. రెండవవానిది యాదృచ్ఛిక దోషం. దానిని ఏ మరా సరిచేయలేదు.

భూమ్యాకర్షణ వల్ల కలిగేది క్రమ దోషమే. గుండు వేగం సెకనుకు సుమారు 170 మీటర్లు. 10 మీటర్లు పోవడానికి దాదాపు 0.06 సెకను పడుతుంది. ఆ కాలంలో గుండు సుమారు 17 మి.మీ. కిందికి జారుతుంది. అందుకే సైటును అమర్చేటప్పుడు, గొట్టం రవ్వంత పైకి చూసేలా సరిచేస్తారు.

2008లో బీజింగ్ ఒలింపిక్స్ ఫైనలుకు ముందు అభినవ్ బింద్రా పరీక్షగా కాల్చిన గుండు మధ్యకు చాలా దూరంగా పడిందట. ఆయన కంగారుపడక సైటును సవరించుకున్నాడు. 700.5 పాయింట్లతో భారతదేశానికి తొలి వ్యక్తిగత స్వర్ణ పతకం తెచ్చాడు.

కదలికను తగ్గించడం ఎలా?

యాదృచ్ఛిక దోషానికి మూలం మన శరీరమే. ఊపిరి తీస్తే ఛాతీతో పాటు రైఫిల్ కదులుతుంది. అందుకే ఊపిరి కొంత వదిలి, కొద్ది సెకన్లు బిగబడతారు. ఇంకా ఎక్కువసేపు ఆపితే కండరాలు వణుకుతాయి. కండరం అలసిపోతుంది, ఎముక అలసిపోదు. కనుక మోచేతిని తుంటి ఎముకకు ఆనించి బరువు మోపుతారు. ట్రిగ్గరును గుంజరు, మెల్లగా నొక్కుతారు.

ఇక కన్ను. ఒక ప్రయోగం చేయండి. ఒక కన్ను మూసి, చాచిన చేతి బొటనవేలినీ దూరపు చెట్టునూ చూడండి. ఒకటి స్పష్టంగా ఉంటే రెండవది మసకగా ఉంటుంది. ఇప్పుడు అట్టకు గుండుసూదితో రంధ్రం చేసి, దానిలోంచి చూడండి. రెండూ ఇంతకుముందు కంటె స్పష్టంగా కనిపిస్తాయి. వెనుక సైటులో చిన్న రంధ్రం ఉండేది ఇందుకే.

మీరు ప్రయోగశాలలో చేసేదీ ఇదే పని. స్క్రూగేజి శూన్యాంశ దోషాన్ని ఒకసారి కనిపెట్టి సవరిస్తే చాలు. చేతి తడబాటుకు మాత్రం జాగ్రత్తగా పలుమార్లు కొలిచి, సగటు తీయాలి. కొలతలో తప్పు వచ్చినప్పుడు, అది ఏ రకం దోషమో ముందు తెలుసుకోండి.