స్టైవెసంట్ ముందా, బ్రాంక్స్ సైన్స్ ముందా?

న్యూయార్క్‌లో ఎనిమిదో తరగతి పిల్లలున్న మిత్రులు నన్ను తరచు అడిగేది: స్టైవెసంట్ మొదట రాసి, అది రాకపోతే రెండోదిగా రాసిన బ్రాంక్స్ సైన్స్ కూడా పోతుందా?

పోదు. 1971 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం ఈ బళ్ళకి ప్రవేశపరీక్షే ఆధారం. ఎస్.హెచ్.ఎస్.ఎ.టి. సీట్ల పంపకం మనకు తెలిసిన ప్రోగ్రామే. ముందు మార్కుల ప్రకారం పిల్లలందరినీ సార్ట్ చేస్తారు. తర్వాత పైనుంచి ఒక లూప్: ఒక్కొక్కరి జాబితాలో ఇంకా సీటు మిగిలివున్న మొదటి బడిని ఇస్తారు. ఒకప్పటి ఎంసెట్ కౌన్సెలింగ్‌లో ర్యాంకు పిలిచినప్పుడు, మిగిలిన సీట్లలోంచి ఎంచుకున్నట్టే.

కాబట్టి ఎత్తులు వేయనక్కర లేదు. నిజంగా ఇష్టమైన వరసలోనే రాయాలి. జాబితాలో లేని బడి మాత్రం ఎన్ని మార్కులొచ్చినా రాదు.

నాలుగేళ్ళు సబ్‌వేలో తిరగాల్సింది పిల్లలు. ఆ వరస వాళ్ళనే చెప్పనివ్వండి.